'టేపర్ ఆఫ్' ఎలా వాడాలి: మెల్లగా తగ్గేవాటికి ఒక మంచి ఇంగ్లిష్ మాట

వాన తగ్గింది, నొప్పి తగ్గింది, కొండ మీద రద్దీ తగ్గింది, మండీకి వచ్చే మామిడి లోడ్లు తగ్గాయి, మావయ్య కోపం తగ్గింది. తెలుగులో 'తగ్గు' అనే ఒక్క మాట ఇన్నిటికీ సరిపోతుంది, ఎలా తగ్గిందో వినేవాళ్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మన పిల్లలు అదే అలవాటుతో 'డిక్రీజ్' అనే మాటను పట్టుకుని అన్నిచోట్లా వాడేస్తున్నారు. 'ద రెయిన్ డిక్రీజ్డ్' అంటే వ్యాకరణం తప్పు కాదు గానీ ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లు మామూలుగా అలా మాట్లాడరు. వాన ఒక్కసారిగా ఆగిందా, మెల్లగా సన్నబడుతూ ఆగిందా అన్నది కూడా ఆ మాటలో వినపడదు.

అందుకే ఇవాళ ఒకే ఒక్క ఫ్రేజల్ వెర్బ్ (క్రియ పక్కన 'ఆఫ్', 'అవుట్' లాంటి చిన్న మాట చేరి ఏర్పడేది) పట్టుకుందాం: టేపర్ ఆఫ్. యాభై ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు రాసుకుని బట్టీ పట్టడం కంటే ఒక్కదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోటికి అలవాటు చేసుకుంటే అది జీవితాంతం ఉంటుంది. విదేశాలకు వెళ్లేందుకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లకు, ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లకు, ఆఫీసులో రోజూ మెయిల్స్ రాసేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల మందుల చీటీలు చదివి చెప్పేవాళ్లకైతే తప్పకుండా తెలిసి ఉండాలి, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు అర్థం. ఎక్కువగా ఉన్నదేదో కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, చివరికి బాగా తక్కువకో, దాదాపు ఏమీ లేని స్థితికో చేరడం. ఇందులో మూడు సంగతులున్నాయి. మొదట అది ఎక్కువగా ఉండాలి, తగ్గడం నెమ్మదిగా జరగాలి, చివర పలచబడాలి. పాత ఇంగ్లిష్‌లో టేపర్ అంటే సన్నటి మైనపు వత్తి. ఒక చివరకు వచ్చేసరికి సన్నబడే దేన్నైనా అలా అనడం తర్వాత మొదలైంది. పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో లేత్ మెషీన్ మీద పని చేసినవాళ్లకు 'టేపర్ టర్నింగ్' గుర్తుండే ఉంటుంది, కడ్డీని ఒక వైపు లావుగా ఉంచి రెండో వైపుకు సన్నబడేలా కోయడం. బట్టల షాపులో 'టేపర్డ్ ఫిట్' ప్యాంటు అన్నా అదే, చీలమండ దగ్గరికి వచ్చేసరికి సన్నబడేది. మనకూ 'సన్నగిల్లడం' ఉంది, అందులోనూ ఉన్నది 'సన్న'నే. కాకపోతే మనం దాన్ని ఎక్కువగా ఆశలకూ చూపుకూ ఓపికకూ వాడతాం, ఇంగ్లిష్ వాళ్లు టేపర్ ఆఫ్‌ను వానకూ అమ్మకాలకూ జనానికీ కూడా వాడతారు.

ఆకారం గురించి చెప్పేటప్పుడు మామూలుగా 'ఆఫ్' అక్కర్లేదు. మా తిరుపతి గోవిందరాజస్వామి గుడి గోపురం గురించి చెప్పాలంటే 'ద గోపురం టేపర్స్ టువర్డ్స్ ద టాప్' అంటే చాలు. పరిమాణం, వేగం, తీవ్రత, సంఖ్య లాంటివి కాలంతో పాటు తగ్గుతుంటే అప్పుడు 'ఆఫ్' చేర్చండి.

ఇప్పుడు ఆ 'ఆఫ్' సంగతి. మన ఇళ్లలో ఆఫ్ అంటే స్విచ్ ఆఫ్, మోటారు ఆఫ్, ఫోన్ ఆఫ్. అంటే ఠక్కున ఆగిపోవడం. టేపర్ ఆఫ్‌లో ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఈ తేడా తెలియకపోతే పరీక్షలో ఒక మార్కు పోవడం చిన్న సంగతి, అసలు ప్రమాదం ఆసుపత్రి కాగితాల దగ్గర ఉంది. అవ్వకో తాతకో డిశ్చార్జ్ సమ్మరీ ఇస్తే అది చదివి చెప్పే పని ఇంట్లో ఇంగ్లిష్ వచ్చిన పిల్లల మీదే పడుతుంది. అందులో 'టేపర్ ఆఫ్ ప్రెడ్నిసొలోన్ ఓవర్ ఫోర్ వీక్స్' అని ఉందనుకోండి. ఆఫ్ అన్న మాట మాత్రమే కంటికి కనిపిస్తే, నాలుగు వారాలు వేసి ఆపేయమన్నారనో, ఇప్పుడే ఆపేయమన్నారనో చెప్పేసే వీలుంది. అక్కడ ఉన్న అర్థం అది కాదు. నాలుగు వారాల్లో డోసు మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ వచ్చి, ఆ తర్వాత ఆపమని.

ఎందుకు అలా మెల్లగా తగ్గిస్తారో తెలిస్తే ఈ మాట ఇక మరిచిపోరు. మన కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు కొన్ని వారాల పాటు వాడితే బయటినుంచి వస్తోంది కదా అని ఆ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే మళ్లీ పనిలోకి రాలేవు. విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే గ్రంథులు మళ్లీ తేరుకునేంత వ్యవధి ఇస్తూ డోసు తగ్గిస్తారు. మూర్ఛకు వాడే మందులు, మానసిక సమస్యలకు వాడే చాలా మందులు కూడా ఇలాగే మెల్లగా తగ్గించాల్సినవే. కాగితం మీద 'టేపర్' అనే మాట ఏ రూపంలో కనిపించినా, ఏ వారం ఎన్ని మాత్రలు వేయాలో డాక్టరు చేత విడిగా, స్పష్టంగా రాయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

సరే, ఇక మామూలు వాడుకకు వద్దాం. మన ఊళ్లో రోజూ కళ్ల ముందు జరిగేవాటితోనే వాక్యాలు కట్టుకుంటే త్వరగా అలవాటవుతుంది. 'ద రెయిన్ టేపర్డ్ ఆఫ్ టు ఎ డ్రిజిల్ బై ఈవెనింగ్.' సాయంత్రానికి వాన సన్నబడి తుంపరగా మారింది. తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ వాక్యం ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. 'ద ఫ్లో ఎట్ కపిలతీర్థం టేపర్స్ ఆఫ్ వన్స్ ద రెయిన్స్ ఆర్ ఓవర్.' వానలు అయిపోయాక కపిలతీర్థం దగ్గర నీటి ధార పలచబడుతూ పోతుంది. 'ద సమ్మర్ రష్ ఎట్ తిరుమల టేపర్స్ ఆఫ్ ఆఫ్టర్ స్కూల్స్ రీఓపెన్.' బడులు తెరిచాక తిరుమలలో ఎండాకాలం రద్దీ మెల్లగా తగ్గుతుంది, అంటే జూన్ సగం దాటాక. పెరటాసి శనివారాలకు తమిళనాడు నుంచి వచ్చే జనం గురించీ ఇలాగే చెప్పొచ్చు, ఆ నెల ముగిశాక 'ద క్రౌడ్ టేపర్స్ ఆఫ్' అని.

దామలచెరువు మండీలో సీజన్ జోరు మీద ఉన్నప్పుడు తోతాపురి ట్రాక్టర్లు వరస కట్టి ఉంటాయి, సీజన్ చివరికి వచ్చేసరికి రోజూ కొన్ని కొన్ని తగ్గుతూ వస్తాయి. 'అరైవల్స్ టేపర్ ఆఫ్ టువర్డ్స్ ద ఎండ్ ఆఫ్ ద సీజన్.' ఇంతకంటే సరిగ్గా అతికే ఉదాహరణ నాకు దొరకలేదు, ఎందుకంటే ఇందులో మూడు సంగతులూ ఉన్నాయి, మొదట రాశులు, తర్వాత నెమ్మదిగా తగ్గడం, చివరికి ఒకటీ రెండూ.

మనుషుల మధ్య సంగతులకు కూడా ఇది చక్కగా పనికొస్తుంది. 'హిజ్ కాల్స్ టేపర్డ్ ఆఫ్ ఆఫ్టర్ హి మూవ్డ్ టు బెంగళూరు.' బెంగళూరు వెళ్లాక వాడి ఫోన్లు తగ్గుతూ వచ్చాయి. ఇక్కడ 'డిక్రీజ్డ్' అని పెడితే లెక్కల పుస్తకంలో వాక్యంలా ఉంటుంది, టేపర్ ఆఫ్‌లో ఆ దూరం మెల్లగా పెరగడం వినిపిస్తుంది.

కర్త ఎవరన్నది చాలా ముఖ్యం. చిత్తూరు నుంచి వచ్చిన మన స్నేహితుడు బరువు తగ్గితే 'హి టేపర్డ్ ఆఫ్' అనకూడదు, 'హి లాస్ట్ వెయిట్' అనాలి. మనిషి కర్తగా వస్తే అర్థం వేరే అవుతుంది, ఒక మందునో అలవాటునో ఆ మనిషి మెల్లగా తగ్గించుకుంటున్నాడని. మారథాన్ పరిగెత్తేవాళ్లు పోటీకి ముందు రెండు మూడు వారాలు ప్రాక్టీసు తగ్గిస్తారు, దాన్ని 'టేపరింగ్' అంటారు, అక్కడా మనిషే కర్త. ధరల విషయంలోనూ జాగ్రత్త. టమాటా రేటు కిలో ఎనభై నుంచి నలభైకి వస్తే 'కేమ్ డౌన్' అనండి, అది సహజంగా ఉంటుంది. రేటు దాదాపు సున్నాకు చేరదు కదా, అందుకని టేపర్ ఆఫ్ అక్కడ సరిగ్గా అతకదు. డిమాండ్, ఇంట్రెస్ట్, సేల్స్, రష్, నాయిస్, పెయిన్, కంప్లయింట్స్, సప్లై, ఇవన్నీ టేపర్ ఆఫ్‌కు మంచి కర్తలు.

వ్యాకరణం దగ్గర ఎక్కువగా జరిగే తప్పు 'వాజ్' చేర్చడం. 'ద రెయిన్ వాజ్ టేపర్డ్ ఆఫ్' తప్పు, ఎందుకంటే వానను ఎవరూ తగ్గించలేదు, అదే తగ్గింది. మనవాళ్లకు గతం అనగానే ఒక 'వాజ్' పెట్టేయడం అలవాటు, ఇక్కడ దాన్ని ఆపుకోవాలి. మందు డోసు లాగా ఎవరో కావాలని తగ్గించేదైతే మాత్రం 'ద డోస్ వాజ్ టేపర్డ్ ఆఫ్ ఓవర్ ఎ మంత్' అనొచ్చు. అప్పుడు 'ఇట్' లాంటి చిన్న మాట వస్తే మధ్యలో పెట్టాలి, 'టేపర్ ఇట్ ఆఫ్' అని.

ఆఫీసు మెయిల్స్‌లో ఎక్కువగా అవసరమయ్యేది 'హ్యాజ్' లేదా 'హ్యావ్'తో వచ్చే రూపం. 'ద నంబర్ ఆఫ్ టికెట్స్ హ్యాజ్ టేపర్డ్ ఆఫ్ సిన్స్ ద లాస్ట్ రిలీజ్.' పోయిన సాఫ్ట్‌వేర్ రిలీజ్ నుంచి టికెట్ల, అంటే నమోదైన సమస్యల, సంఖ్య తగ్గుతూ వచ్చి ఇప్పుడు బాగా తక్కువగా ఉందని. 'ద నంబర్ ఆఫ్' అని మొదలైతే 'హ్యాజ్', సూటిగా 'కంప్లయింట్స్' అని మొదలైతే 'హ్యావ్'. తెలుగు పేపర్లలో 'తగ్గుముఖం పట్టింది' అని రాస్తారు చూడండి, దానికి 'హ్యాజ్ స్టార్టెడ్ టు టేపర్ ఆఫ్' లేదా 'ఈజ్ టేపరింగ్ ఆఫ్' సరిపోతుంది.

పక్కన ఏ మాటలు చేర్చాలో కూడా చూసుకోవాలి. ఎంతకు తగ్గిందో చెప్పాలంటే 'టు', ఎప్పటికి అంటే 'బై', ఎటువైపు అంటే 'టువర్డ్స్', దేని తర్వాత అంటే 'ఆఫ్టర్'. 'గ్రాడ్యువల్లీ టేపర్డ్ ఆఫ్' అని చాలామంది రాస్తారు, తప్పేమీ లేదు గానీ మెల్లగా అనే అర్థం మాటలోనే ఉంది కాబట్టి నేనైతే తీసేస్తాను. 'సడన్లీ టేపర్డ్ ఆఫ్' మాత్రం వద్దు, రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్కసారిగా పడిపోయినదానికి వేరే మాటలున్నాయి.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. రైటింగ్ టాస్క్ 1లో 20 నిమిషాల్లో కనీసం 150 మాటలు రాయాలి, లైన్ గ్రాఫ్ వచ్చిందంటే పెరగడం తగ్గడం గురించే అంతా. చాలామంది టేపర్ ఆఫ్ నేర్చుకున్నాక దాన్ని తప్పు గీత మీద పెడతారు. ఊరికే ఒక గ్రాఫ్ అనుకుందాం, ఒక ఊరికి వచ్చే టూరిస్టులు 2000లో 10 వేలు, 2005లో 40 వేలు, 2010లో 45 వేలు, 2015లో 46 వేలు. ఇక్కడ టూరిస్టులు ఎప్పుడూ తగ్గలేదు, గీత పైకే పోతోంది, పెరిగే వేగం మాత్రమే తగ్గింది. కాబట్టి 'ద నంబర్ ఆఫ్ టూరిస్ట్స్ టేపర్డ్ ఆఫ్' అని రాస్తే గ్రాఫ్‌ను తప్పు చదివినట్టే. 'ద గ్రోత్ టేపర్డ్ ఆఫ్ ఆఫ్టర్ 2005' అని రాయాలి. కర్త ఒక్కటి మారితే వాక్యం నిజమో అబద్ధమో మారిపోతుంది.

అదే గ్రాఫ్ ఆ తర్వాత 46 వేల నుంచి 30, 18, 12, 10 వేలకు దిగుతూ వచ్చిందనుకోండి. మొదట పెద్ద అడుగులు, చివరికి చిన్న అడుగులు, గీత కిందికి వచ్చి చదునవుతోంది. ఇప్పుడు 'ద నంబర్ టేపర్డ్ ఆఫ్ టు 10,000' అనండి, సరిగ్గా సరిపోతుంది. గీత ఎక్కడికక్కడ నిలిచిపోయి అడ్డంగా సాగితే అది 'లెవెల్ ఆఫ్', 46 వేల దగ్గరే వరుసగా ఐదారేళ్లు ఉండిపోతే 'లెవెల్డ్ ఆఫ్ ఎట్ 46,000'. చాలామంది తికమకపడేది ఈ రెంటి మధ్యే, కాబట్టి రాసే ముందు గీత చివరను మాత్రం వేలితో తాకి చూసుకోండి, అడ్డంగా ఉందా, ఇంకా కిందికి జారుతోందా అని. ఏటవాలుగా గబగబా పడిపోతే 'డ్రాప్డ్ ఆఫ్ షార్ప్లీ' అనొచ్చు. ఒక్క వ్యాసంలో టేపర్ ఆఫ్ ఒకసారి చాలు, రెండోసారి పెడితే మాటల కరువని ఎగ్జామినర్‌కు తెలిసిపోతుంది.

దీనికి దగ్గరి చుట్టాలు చాలానే ఉన్నాయి, ఎక్కడ ఏది వాడాలో తెలిస్తే అప్పుడు టేపర్ ఆఫ్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మంట, గాలి, గోల, గొడవ లాంటి చెలరేగినవి చల్లారితే 'డై డౌన్'. గంగమ్మ జాతరలో డప్పుల మోత అర్ధరాత్రికి సద్దుమణిగిందంటే 'ద డ్రమ్మింగ్ డైడ్ డౌన్' బాగుంటుంది. దేనిదో ప్రభావం పోతే 'వేర్ ఆఫ్', పన్ను పీకాక మత్తు దిగినప్పుడు 'ద అనస్తీషియా వోర్ ఆఫ్' అంటాం, అక్కడ టేపర్ ఆఫ్ ఎవరూ అనరు. మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గి వాక్యం మధ్యలోనే ఆగిపోతే 'ట్రెయిల్ ఆఫ్'. సరుకు పూర్తిగా అయిపోతే 'రన్ అవుట్', తగ్గుతూ వస్తోంది గానీ ఇంకా ఉంది అంటే మన టేపర్ ఆఫ్. 'టెయిల్ ఆఫ్' అనేది దాదాపు ఇదే అర్థంతో బ్రిటిష్ వాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది.

'పీటర్ అవుట్' గురించి విడిగా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన మాట. 19వ శతాబ్దంలో అమెరికా గనుల్లో పని చేసేవాళ్ల దగ్గర పుట్టిందని చెబుతారు, ఖనిజం పొర తవ్వుతూ పోగా పోగా సన్నబడి చివరికి ఏమీ లేకుండా పోవడానికి. అందుకే దాంట్లో కొంచెం నిరాశ ఉంటుంది. తలకోన అడవిలో కాలిబాట పట్టుకుని పోతుంటే అది పొదల్లోకి పోయి మాయమైతే 'ద పాత్ పీటర్డ్ అవుట్'. ఊళ్లో ఉత్సాహంగా మొదలుపెట్టిన లైబ్రరీ పని ఎవరూ పట్టించుకోక ఆగిపోతే అదీ పీటర్ అవుటే. టేపర్ ఆఫ్‌లో ఆ బాధ లేదు, అది మంచికీ చెడుకీ రెంటికీ వాడొచ్చు, నొప్పి టేపర్ ఆఫ్ అయితే సంతోషమే కదా.

వార్తల్లో ఈ మాట మన దాకా వచ్చింది 2013లో. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) అప్పట్లో నెలకు 85 బిలియన్ డాలర్ల బాండ్లు కొంటుండేది. ఆ కొనుగోళ్లను తగ్గించవచ్చని మే నెలలో దాని ఛైర్మన్ బెన్ బెర్నాంకీ అన్నాడు, ఆగస్టు చివరికి మన రూపాయి డాలరుకు 68 దాటి పడింది. పిల్లల్ని అమెరికాలో చదివిస్తున్న ఇళ్లలో ఆ రోజుల టెన్షన్ ఇంకా గుర్తుండే ఉంటుంది. పేపర్లు దాన్ని ఫెడ్ 'టేపరింగ్' అని రాశాయి. కొనుగోళ్లు ఒక్కసారిగా ఆగలేదని గమనించండి, 2014 జనవరి నుంచి 75 బిలియన్లకు తగ్గించి, అలా కొంచెం కొంచెంగా దించుతూ ఆ ఏడాది అక్టోబరులో ముగించారు. మాటకు ఉన్న అర్థం అచ్చంగా అదే.

పలకడం సులువే, పేపర్‌తో ప్రాస కుదురుతుంది. కోచింగ్ బోర్డుల మీద కనిపించే టాపర్‌తో కలపకండి. వేగంగా మాట్లాడేటప్పుడు 'టేపర్డ్ ఆఫ్' రెండు ముక్కలుగా వినపడదు, 'టేపర్డాఫ్' అని కలిసిపోతుంది, ఇంగ్లిష్ లిజనింగ్ పరీక్షల్లో ఇది తెలిసి ఉంటే మంచిది. స్పెల్లింగ్‌లో పి ఒక్కటే, 'ఇంగ్' చేర్చినా ఆర్ ఒక్కటే. ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది కాబట్టి ఆఫరింగ్‌లో లాగా చివరి ఆర్ రెట్టింపు కాదు, రిఫరింగ్‌లో ఒత్తు చివర పడుతుంది కాబట్టి అవుతుంది. విడి మాట 'ఆఫ్'లో ఎఫ్‌లు రెండు, ఒక్కటే పెడితే అది వేరే మాట.

ఇక సాధన. బస్సులోనో నడకలోనో ఉన్నప్పుడు చుట్టూ తగ్గుతున్నదేదో ఒకటి చూసి వాక్యం చెప్పుకోండి. అలిపిరి దగ్గర వాహనాలు, హాస్టల్లో రాత్రి గోల, షాపుల్లో పండగ తర్వాతి బేరాలు. చెప్పేముందు రెండే ప్రశ్నలు వేసుకోండి, మెల్లగా తగ్గుతోందా, చివరికి పలచబడుతోందా. రెంటికీ అవునంటే టేపర్ ఆఫ్ పెట్టండి, మొదటిదానికి కాదంటే డ్రాప్ ఆఫ్, రెండోదానికి కాదంటే కమ్ డౌనో లెవెల్ ఆఫో చూసుకోండి. ఒకే సంగతిని మూడు కాలాల్లో చెప్పడం కూడా బాగా పని చేస్తుంది: 'ద ట్రాఫిక్ ఈజ్ టేపరింగ్ ఆఫ్', 'ద ట్రాఫిక్ హ్యాజ్ టేపర్డ్ ఆఫ్', 'ద ట్రాఫిక్ టేపర్డ్ ఆఫ్ బై టెన్'. ఇంకా తగ్గలేదనుకోండి, 'ద ట్రాఫిక్ హ్యాజ్ నాట్ టేపర్డ్ ఆఫ్ యెట్' అనండి, అందులో తగ్గుతుందని ఎదురుచూస్తున్నట్టు కూడా వినిపిస్తుంది.